నావి కాని రెండు పేజీలు

ఆండర్సన్‌పేట,
22 డిసెంబరు 1988

తాయమ్మకు మీ బావ మునిశామప్ప రాసేది.

ఈ జాబు చదివే ముందు ఒకచోట కూర్చో. మీ ఆయన దొడ్డమునియప్పను కూడా కూర్చోబెట్టు. మంచి కబురు నిలబడి వినే అలవాటు మన ఇళ్లలో ఎవరికీ లేదు.

నిన్న పదకొండు గంటలకు తంతి వచ్చింది. మా పేటలో తంతి అంటే ఇప్పటికీ చావు కబురే. పోస్టుమ్యాన్ సైకిలు దిగకముందే పక్కింటి ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవురు పోయినారప్పా?" అంది. "పోయేదానికి నాకింగ ఎవురుండారమ్మా" అన్నాను. తంతి ఇంగ్లీషులో ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషు గని లాంపు రూముకు సరిపోయేది, తంతికి చాల్లేదు. పోస్టాఫీసుకు తీసుకెళ్లి గుమాస్తా చేత చదివించాను. ఆయన రెండుసార్లు చదువుకుని, అద్దాలు తీసి నా మొహం చూశాడు.

"మునిశామప్పా, ఈ తాయమ్మ అనే ఆమె ఎవురు?"

"మా మరదలు. బూదికోటలో పట్టుపురుగులు మేపుతాది."

"అయితే ఆ పురుగులకి చెప్పు. దేశంలో ఉండే భాషలన్నిట్లో ఏడాదికొక్క పుస్తకానికి ఢిల్లీవాళ్లు బహుమతి ఇస్తారే, అది ఈసారి తెలుగులో ఆయమ్మకి వచ్చిండాది."

అదీ సంగతి. నీ ‘నాలుగో జ్వరం’ కథల పుస్తకానికి. ఆ పేరు పెట్టడానికి నేను విజయవాడ ప్రచురణకర్తతో పడ్డ పాట్లు నీకు చెప్పలేదు. పురుగు మేత మాని తల ఎత్తుకుని పడుకుంటే దాన్ని మేము జ్వరం అంటామని, నాలుగో జ్వరం దాటితేనే అది గూడు కడుతుందని మూడు జాబులు రాశాను. అంతవరకు ఆయన ఇది వైద్యగ్రంథమనే అనుకున్నాడు.

గుమాస్తాకు ఒక్కటి మాత్రం చెప్పలేదు. చెబితే నమ్మడు. తెలుగులో బహుమతి వచ్చిన మనిషికి తెలుగు అక్షరాలు రావని. ఈ జిల్లాలో సగం మందిమి అంతే కదా. నోట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇదిగో ఈ జాబులాగే, తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో పెట్టి రాసుకుంటాం. నువ్వు నోటుబుక్కు నింపి బస్సుకిచ్చి పంపుతావు. నేను దాన్ని తెలుగు అక్షరాల్లోకి ఎత్తిరాసి అచ్చుకు పంపి, నోటుబుక్కు నీకు తిప్పి పంపుతాను. ఇరవై రెండేళ్ల పని ఇది. ఆ అక్షరాలు నాకు ఏ పంతులూ నేర్పలేదు. ముళబాగిల్లో మా చిన్నాయన కాఫీ హోటల్లో గ్లాసులు కడిగేటప్పుడు చిత్తూరు లారీలు వచ్చి ఆగేవి. వాటి వెనక రాసి ఉన్నది డ్రైవర్లను అడిగి నేర్చుకున్నాను. చాలాకాలం నాకు తెలుగులో ‘దూరముగా నుండుము’ అని తప్ప ఇంకేమీ రాయడం వచ్చేది కాదు.

ఎక్కడికో పోయాను. మీ అక్కయ్య అక్కయమ్మ ఉంటే ఈ పాటికి పేటంతా చాటింపు వేసేది. ఆమె పోయి పదకొండేళ్లు, నేను గని పని నుంచి దిగి ఆరేళ్లు. ఈ ఇంటి తలుపు తోసుకుని వచ్చేది నీ నోటుబుక్కు ఒక్కటే. అది వచ్చిన వారం రోజులూ ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుంది. బహుమతి నీది. నేను ఎత్తిరాసేవాడిని. ఎక్కడన్నా ఒక మాట అటూ ఇటూ జారి ఉంటే ఉండొచ్చు, అంతకు మించి నాదేం లేదు.

మీ బావ,
మునిశామప్ప

*

బూదికోట,
2 జనవరి 1989

బావా,

నీ జాబు వచ్చిన రోజు పురుగులు గూడు కట్టడానికి ఎక్కుతున్నాయి. ఆ పొద్దు ఇంట్లో పిడుగు పడినా పలకకూడదు. సాయంత్రం దాకా జాబు రవికలో పెట్టుకుని తిరిగాను. తర్వాత ఆయనకు చదివి వినిపించాను.

"ఢిల్లీకి పోతే పురుగులకి ఆకెవురేస్తారే?" అన్నాడు.

"నువ్వేస్తావు."

"అట్లయితే ఆ బహుమతి సగం నాకియ్యాల."

ఊళ్లో వాళ్లది ఇంకో ధోరణి. రాగి కళ్లంలో అందరూ ఉండగా ఒకాయన, "రాసేది తెలుగు, అచ్చరం కన్నడం, మెచ్చుకునేది ఢిల్లీ. ఇంతకీ నీదేం భాష తాయమ్మా?" అన్నాడు. "నీ మాదిరోళ్లకి జవాబు చెప్పే భాష" అన్నాను. నవ్వారు. కానీ ఇంటికొచ్చాక ఆ మాటే మెదిలింది. మూడేళ్లుగా ఆ పుస్తకం దేవుని గూట్లో పసుపు గుడ్డలో ఉంది. పండగకొకసారి తీసి, దుమ్ము దులిపి, బొమ్మ చూసి పెడతాను. నా పుస్తకాన్ని చదవలేని దాన్ని నేనొక్కదాన్నే.

నీ జాబు తర్వాత నువ్వు పంపిన ఢిల్లీ కవరు మా హైస్కూలు టీచరు కుముద చదివింది. ఫిబ్రవరి చివరి వారంలో రమ్మన్నారు. బహుమతి ఇచ్చిన మరునాడు ఒక్కొక్క భాష రచయితా లేచి, పుస్తకంలో నుంచి ఐదు నిమిషాలు చదవాలంట. నేను నా నోటుబుక్కు పట్టుకుపోయి చదువుతాను. ఏది చదవాలో నువ్వే చెప్పు. వాళ్లకు ఏ కథ నచ్చిందో ఆ కవర్లో లేదు. నీకేమన్నా రాశారా?

నువ్వు కూడా రా. ఒక మనిషిని వెంట తెచ్చుకోవచ్చంట. మా ఆయన పురుగుల్ని వదిలి రాడు.

తాయమ్మ

*

ఆండర్సన్‌పేట,
9 జనవరి 1989

తాయమ్మకు,

మొన్న పొద్దున మళ్లీ భూమి కదిలింది. కింద ఎక్కడో బండ పగిలి ఉంటుంది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి, అంతే. పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు వీధిలోకి పరిగెత్తింది. పేటవాళ్లెవరూ కాఫీ గ్లాసు కూడా కింద పెట్టలేదు. మా కాలంలో అయితే అలాంటి రోజు లాంపు రూము ముందు ఆడవాళ్లు గుంపులుగా నిలబడేవాళ్లు. నీకు తెలుసు, ప్రతి మనిషీ దిగేటప్పుడు తన నంబరు బిళ్ల మా దగ్గర పెట్టి లాంపు తీసుకుంటాడు. పైకొచ్చి లాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. మేకుకు బిళ్ల వేలాడుతూ ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని. ముప్పై ఏళ్లు ఆ మేకుల్ని చూసీ చూసీ, ఇప్పుడు బజారులో చొక్కా తగిలించి కనబడినా ఎవరిదా అనిపిస్తుంది.

నువ్వడిగింది చదవడం గురించి. ‘మామిడితోపు కాపలా’ చదువు. కోతులు, నవ్వు, అన్నీ ఉన్నాయి. ఏ భాషవాడికైనా కోతి అర్థమవుతుంది. ‘లాంపు రూము’ కథ మాత్రం వద్దు. పొడుగు. పైగా గని మాటలు ఢిల్లీవాళ్లకు ఎవరు విడమరిచి చెబుతారు?

నేను రావడం గురించి అడిగావు. మోకాళ్లు. రెండు రోజులు రైల్లో కూర్చోలేను. కుముద టీచరును తీసుకుపో.

వాళ్లకు ఏ కథ నచ్చిందో నాకు ప్రత్యేకించి ఎవరూ రాయలేదు.

బావ

*

బూదికోట,
20 జనవరి 1989

బావకు,

నిన్న బెంగళూరు నుంచి ఒక పత్రికాయన వచ్చాడు. తెలుగు పత్రికకు రాస్తాడంట. మల్బరీ తోటలో నిలబెట్టి ఫోటో తీశాడు. కాఫీ తాగుతూ, "అమ్మా, అన్నిటికంటే ‘లాంపు రూము’లో ఆ చీటీ వచ్చే రెండు పేజీలు. అవి చదివి మా ఆవిడ అన్నం తినలేదు. న్యాయనిర్ణేతల అభిప్రాయం ఎత్తిరాసుకుని వచ్చాను, వాళ్లు పేరు పెట్టి మెచ్చుకున్నది కూడా వాటినే. ఆ కాగితం మీ పుస్తకం మీదున్న చిరునామాకు పంపారు కదా?" అన్నాడు.

నేను తల ఊపాను. అరవై ఏళ్లదాన్ని, నా కథ గురించి పరాయివాడు చెబుతుంటే తెలిసినట్టు తల ఊపాను.

ఆయన పోయాక నా నోటుబుక్కు తీసి ఆ కథ రెండుసార్లు చదివాను. అందులో లాంపు రూము మనిషి పెళ్లాం ఆసుపత్రిలో మెలకువ రాకుండానే పోతుంది. మొగుడు షిఫ్టు దిగి వస్తాడు, తనకు ఎవరూ చెప్పలేదంటాడు. అక్కడితో అయిపోతుంది. నా కథలో చీటీ లేదు బావా.

కథలో లేదు గానీ అక్కయ్య పోయిన రోజు ఉంది. నేనే రాశాను. ‘బావా, అక్క నిన్ను అడుగుతోంది, వెంటనే రా’ అని. ఆసుపత్రి ఆయా చిన్నవెంకటమ్మ చేతికిచ్చి లాంపు రూముకు పంపాను. నీకు అందలేదన్నావు. ఆమె ఎక్కడో పారేసి, ఇచ్చానని అబద్ధం ఆడిందని నేను నమ్మాను. అప్పటినుంచి ఆమెతో మాట్లాడలేదు. ఒకసారి పెళ్లిలో పక్కన కూర్చోబోతే లేచి వెళ్లిపోయాను, అందరూ చూస్తుండగా.

పుస్తకం గూట్లో నుంచి తీశాను. కుముదను పిలిస్తే పావుగంట పని. మళ్లీ చుట్టేశాను. ఆ రెండు పేజీలు రాసినవాడే నాకొచ్చే అక్షరాల్లో రాసి పంపాలి.

తాయమ్మ

*

ఆండర్సన్‌పేట,
27 జనవరి 1989

తాయమ్మకు,

ఈ జాబు నాలుగుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లు వేరే కథలోకి పోయాను. ఒకదాంట్లో మా చిన్నాయన పెళ్లి కూడా అయిపోయింది. అవన్నీ చించేశాను.

న్యాయనిర్ణేతల కాగితం నాకు వచ్చింది, దాచాను. ఆ రెండు పేజీలు నావే. ఈ కవర్లో కన్నడ అక్షరాల్లో రాసి పెట్టాను, ఒక్క మాట మార్చలేదు. లాంపు రూములో ఒక్కడే ఉంటాడు. భార్య అడుగుతోందని చీటీ వస్తుంది. ఒక లాంపు ఇంకా తిరిగి రాలేదు, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడు. తను కదిలితే ఆ మనిషి సంగతి చూసేవాళ్లు లేరు. చీటీ బల్ల మీద పెట్టి, మేకుల్ని చూస్తూ నిలబడతాడు. లాంపు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ధర్మానికీ ప్రేమకూ మధ్య నలిగిన మనిషి అని ఢిల్లీవాళ్లు రాశారు.

నీ నోటుబుక్కులో ఆ కథ ఎత్తిరాస్తూ, ‘తనకు ఎవరూ చెప్పలేదంటాడు’ అన్న వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నేను నీకు చెప్పిన అబద్ధాన్ని నువ్వు నిజమని నమ్మి రాస్తే, దాన్ని నా చేత్తోనే మళ్లీ రాయాలి. రాయలేకపోయాను. చీటీ అందిందని రాశాను. ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. చెప్పినట్టూ ఉంటుంది, నువ్వు చదవనూ లేవు. నీకు ఆ అక్షరాలు రాకపోవడం నాకు అంత ధైర్యమిచ్చింది. ఇంతకంటే సిగ్గు లేని మాట నేను నీకెప్పుడూ రాయలేదు.

ఇంకా అయిపోలేదు. ఆ రెండు పేజీల్లోనూ అబద్ధముంది. ఆ రోజు లాంపు రూములో నేను ఒక్కడినే లేను. నాతో పనిచేసే రామాంజినప్ప ఉన్నాడు. పన్నెండున్నరకు చిన్నవెంకటమ్మ వచ్చి చీటీ నా చేతిలో పెట్టింది. "బిన్నా రాప్పా, ఆయమ్మ శానా అడుగుతాండాది" అని కూడా చెప్పింది. రామాంజినప్ప విని, "పో మామా, నేనుండాను గదా. నువ్వు లేకుంటే లాంపులు ఆరిపోతాయా" అన్నాడు. "ఒక బిళ్ల ఉండాది, ఆ మనిషి పైకి రానీ" అన్నాను. ఆ మనిషి లాంపు రెండుంబావుకు వచ్చింది. అప్పుడూ లేవలేదు. తుడిచిన లాంపే తుడుస్తూ నాలుగు దాకా కూర్చున్నాను. ముందురోజు డాక్టరు నాకు చెప్పాడు, ఇంక ఎక్కువసేపు లేదని. పోతే ఆమె నన్ను చూస్తుంది. నేను ఏదో ఒకటి చెప్పాలి. నలభై ఏళ్లు వాగినవాడికి, ఆ మంచం పక్కన చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. భయపడ్డాను. ధర్మం కాదు, ఏమీ కాదు.

నాలుగున్నరకు ఆసుపత్రికి వచ్చాను. నువ్వు వరండాలో నిలబడి, "చీటీ అందలేదా బావా?" అన్నావు. నువ్వే నాకు దారి చూపించావు. అందలేదన్నాను.

ఢిల్లీలో ఏం చేస్తావో నీ ఇష్టం. నా పేరు చెప్పినా సరే, బహుమతి వద్దన్నా సరే. ఒక్కటే అడుగుతాను, అడిగే ముఖం లేకపోయినా. నోటుబుక్కులు పంపడం మానకు.

మునిశామప్ప

*

ఆండర్సన్‌పేట,
18 ఫిబ్రవరి 1989

తాయమ్మకు,

మూడు వారాలైంది. ఢిల్లీలో చలి ఇంకా ఉంటుందని పేపర్లో రాశారు. మీ అక్కయ్య గోధుమరంగు శాలువా బస్సు కండక్టరుకిచ్చి పంపుతున్నాను. తీసుకోకపోతే వెనక్కి పంపించు, దారి తెలిసిన బస్సే.

మునిశామప్ప

*

బూదికోట,
30 మార్చి 1989

మునిశామప్పగారికి,

శాలువా తీసుకున్నాను. అది అక్కయ్యది.

ఢిల్లీలో మమ్మల్ని ఉంచిన చోట ఇరవై భాషల పైచిలుకు రచయితలున్నారు. భోజనాల దగ్గర అందరూ ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడుకుంటున్నారు. కుముద ఎవరితోనో మాటల్లో పడింది. నేనూ, ఏదో కొండప్రాంతం నుంచి వచ్చిన ఒక పెద్దామే మిగిలాం. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఆమె కమలాపండు ఒలిచి సగం నాకిచ్చింది. తిన్నాం. మూడు రోజులూ ఆమె నా పక్కనే కూర్చుంది. అంత మందిలో నాకు ఊపిరాడింది ఆమె దగ్గరే.

బహుమతి ఇచ్చే ముందురోజు అక్కడి పెద్దాయనతో, ఆ రెండు పేజీలు నేను రాయలేదు, మా బావ రాశాడు, బహుమతి ఇవ్వాలో వద్దో మీరే తేల్చండి అని చెప్పాను. నేను కన్నడంలో చెబితే ఒక కన్నడ రచయిత ఇంగ్లీషులో చెప్పాడు. ఉన్నదున్నట్టే చెప్పాడని కుముద అంది. పెద్దాయన విని, నాకు చేతులు జోడించి, ఇంత పేరొచ్చినా ఇంటివాళ్లకు ఇచ్చేసే వినయం ఇప్పుడెవరికుంది అన్నాడంట. రెండోసారి చెప్పాను. కళ్లు తుడుచుకున్నాడు. మూడోసారి చెప్పలేదు. నిజం చెబితే మెచ్చుకుని పంపించేశారు.

మరునాడు చదవడానికి లేచాను. నోటుబుక్కులో ‘లాంపు రూము’ కథ తెరిచాను. ‘మెలకువ రాకుండానే పోయింది’ అని నా అక్షరాల్లో నేనే రాసి ఉంది. అది చదవలేకపోయాను. ఎందుకంటే అది కూడా నిజం కాదు. నువ్వు ఎత్తిరాయాల్సిన కథ అని, నీకు చీటీ అందలేదని నమ్మి, నీ ప్రాణం నొప్పించకూడదని అలా రాశాను. నీకు నోటితో చెప్పిందీ అదే. నోటుబుక్కు మూసి, జరిగింది జరిగినట్టు నోటితో చెప్పాను. ఆ హాల్లో తెలుగు వచ్చినవాళ్లు నలుగురు ఉంటారేమో. మిగతావాళ్లు మర్యాదగా విన్నారు.

వాళ్లకు చెప్పింది నీకూ చెప్పాలి. అక్కయ్యకు మెలకువ ఉంది. మూడు గంటల దాకా నిన్ను అడిగింది. వాకిట్లో అడుగుల చప్పుడైతే తల తిప్పేది. మూడు తర్వాత అడగడం మానేసింది. నాలుగుకు పోయింది.

తిరిగొచ్చాక ఆండర్సన్‌పేటకు వచ్చాను. చిన్నవెంకటమ్మ ఇల్లు మీ వీధికి రెండు వీధుల అవతల. ఆమెకు చూపు తగ్గింది. నేనెవరో చెబితే, "ఇప్పుడొచ్చినావా తల్లీ. చీటీ ఇచ్చింది నిజమేనని నీకు చెబదామని ఎన్నిసార్లొచ్చినా, నువ్వు లేసి పోతివి" అంది. కాళ్లు పట్టుకోబోతే పట్టనివ్వలేదు. అన్నం పెట్టింది. తిని, బస్సెక్కి వచ్చేశాను. మీ వీధి వైపు రాలేదు. రావాలనిపించలేదు.

కుముద దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుతున్నాను. ఇకమీదట నా కథలు నేనే రాసుకుంటాను. నోటుబుక్కులు పంపను.

విజయవాడ నుంచి జాబు వచ్చింది. బహుమతి వచ్చింది కాబట్టి రెండో ముద్రణ వేస్తారంట. ఆ రెండు పేజీలు తీసేయమని రాద్దామనుకున్నాను. రాయలేదు. వాటిని నిజం చేసి, కింద నీ పేరు వేయించు. రామాంజినప్ప పేరుతో సహా. మూడు గంటల మాటతో సహా. వచ్చే నెలాఖరుకు వాళ్లకు చేరాలి.

తాయమ్మ

*

ఆండర్సన్‌పేట,
14 ఏప్రిల్ 1989

తాయమ్మకు,

రెండు పేజీలు ఇప్పుడు ఒకటే పేజీ అయింది. ఈ కవర్లో రెండు ప్రతులున్నాయి. ఒకటి కన్నడ అక్షరాల్లో, ఒకటి తెలుగు అక్షరాల్లో. పక్కపక్కన పెట్టుకుని చూడు. నువ్వు దిద్దుతున్న అక్షరాలకు అభ్యాసమూ అవుతుంది, నేను తేడా చేయలేదని తెలుస్తుంది కూడా.

రామాంజినప్పను అడిగే రాశాను. ఇప్పుడు కూతురి దగ్గర ఉన్నాడు. తన పేరు పుస్తకంలో వస్తుందంటే, "నేనేం చేసినా మామా?" అన్నాడు. "పొమ్మన్నావు" అన్నాను. తర్వాత రాసుకోమన్నాడు. చిన్నవెంకటమ్మ దగ్గరికీ పోయాను. గుమ్మం దగ్గర నిలబడి చెప్పాల్సింది చెప్పాను. "లోపలికి రాప్పా" అంది. వెళ్లలేదు. ఆమె పిలిచింది కాబట్టి ఇంకోరోజు వెళ్తాను.

రాస్తుంటే రెండుచోట్ల ఉపమానాలు వచ్చాయి, కొట్టేశాను. ఒకచోట ఆ మనిషి మీద జాలి పుట్టేలా ఒక వాక్యం పడింది, అదీ కొట్టేశాను. మీ అక్కయ్య గురించి నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంది. మూడు దాకా అడిగింది, తర్వాత అడగలేదు. ఆ రెండు మాటలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

చదివి, తప్పుంటే దిద్ది, నువ్వే విజయవాడకు పంపు. నాకు తిప్పి పంపనక్కర్లేదు.

మునిశామప్ప